బోర్డు మీద తెలుగుకు నిండుదనం కావాలి

చాంద్రాయణగుట్టను ఆనుకుని ఉన్న బార్కస్‌లో నిజాం కొలువులో సిపాయిలుగా పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వారసులు తరతరాలుగా ఉంటున్నారు. అక్కడి మండీ అనే అరబ్బు వంటకం కోసం హైదరాబాద్ నలుమూలల నుంచీ జనం వస్తారు. ఇలాంటి బజారులో కొత్తగా వచ్చినవాడికి దుకాణాన్ని ముందు పరిచయం చేసేది బోర్డే. కానీ మన బజార్ల ఫ్లెక్సుల మీద ఇంగ్లీషుకు దక్కే హంగు తెలుగుకు దక్కడం లేదు. పత్రికలో, పుస్తకంలో చదువుకోవడానికి చేసిన అక్షరాన్నే సాగదీసి ఫ్లెక్సు మీద పెడుతున్నారు. బోర్డుల కోసమే గీసిన మందపాటి ఇన్‌లైన్ ఖతి (ఫాంట్) తెలుగుకు కావాలి. దానికి ఉర్దూ జోడు కూడా ఉండాలి.

ఇన్‌లైన్ అంటే లావాటి అక్షరం ఒంట్లో, దాని వంపు వెంటే సాగే సన్నని వెలుగు గీత. జర్మనీలో రుడాల్ఫ్ కోచ్ 1923లో చేసిన నాయ్‌లాండ్ ఖతికి ఇన్‌లైన్ రూపం కూడా వచ్చింది. మన కాలంలో డేవిడ్ జొనాథన్ రాస్ నగర వీధుల బోర్డుల కోసం చేసిన బంగీ ఖతిలో ఇన్‌లైన్ ఒక పొర, అదీ ఉచితం. మన పెయింటర్లకూ ఈ పని కొత్త కాదు. ముదురు రంగుతో అక్షరం నింపి, ఆరాక సన్న కుంచెతో లేత రంగు గీత లాగుతారు. లావు దూరానికి కనిపిస్తుంది, గీత మెరుపునిస్తుంది. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన రామభద్ర అనే తెలుగు ఖతిలో లావు ఉంది, ఈ గీత లేదు.

కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే గీత వస్తుంది కదా అనవచ్చు. ‘బార్కస్’ అనే మాటనే తీసుకోండి. ‘బ’ గుండ్రని కడుపులో గీత హాయిగా తిరుగుతుంది. ‘ర’ కింద క వత్తు చిన్నది. అక్కడా అదే మందం గీత పెడితే వత్తులో రంగే మిగలదు. ‘స్’ మీది పొల్లు మలుపులో గీతను ఎక్కడ ఆపాలో కూడా మనిషే తేల్చాలి. అందుకే దీన్ని మొదటి నుంచీ చేత్తో గీయాలి.

చదవడం కష్టమవుతుందన్న అభ్యంతరం చిన్న అక్షరాల విషయంలో నిజమే. ఈ ఖతి దుకాణం పేరుకు, పోస్టరుకు, సినిమా టైటిలుకు చాలు. చిరునామా, ఫోన్ నంబరు సాదా అక్షరాల్లోనే ఉండాలి. పెయింటర్ల పొట్ట కొడుతుందన్న భయం ఇంకా బరువైనది. అయితే వాళ్ల పనిని ఇప్పటికే ఫ్లెక్సు లాగేసుకుంది. ఖతి తయారీలో వాళ్లను కూర్చోబెట్టి, పారితోషికమిచ్చి, పేరు వేస్తే ఆ చేతిపనికి దక్కాల్సిన గౌరవం దక్కుతుంది. ఇది పాతకాలపు మోజు కాదా అంటే, కాదు. ఎండలో, రద్దీలో, రాత్రి దీపాల కింద కనిపించాలన్న అవసరం నేటిదే.

2017లో తెలంగాణ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసింది. రెండు భాషలూ బోర్డు మీద సరిసమానంగా నిలబడాలంటే చట్టం ఒక్కటే చాలదు, అక్షరాలూ కావాలి. ప్రభుత్వం డబ్బు పెట్టాలి, నగరంలోని డిజైన్ విద్యాసంస్థలు పెయింటర్లతో, ఉర్దూ చేతిరాత కళాకారులైన కాతిబులతో కలిసి ఈ జంట ఖతిని చేయాలి. దాన్ని ప్రతి ఫ్లెక్సు దుకాణానికీ ఉచితంగా అందించాలి.