పాటకూ కాటా ఉంది

ఈ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, భౌతికశాస్త్రం చదివేవాణ్ణి గనక అంతరిక్షం మీదో అణుశక్తి మీదో రాస్తాననుకున్నాడట. సంగీతశాఖ చదువు మీద రాస్తానంటే నవ్వాడు. "నీకు స్వరం తెలుసా, తాళం తెలుసా?" అన్నాడు. రెండూ తెలియవు. నాకు తెలిసింది మిరప చేను, ఆ తరవాత కొంచెం ఫిజిక్సు. అయినా ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఉంది. అది మా ఇంట్లోనూ ఉంది, మా హాస్టలు గదిలోనూ ఉంది.

ముందు ఇంటి సంగతి. మా చెల్లెలు ఈ ఏడు ఇంటర్మీడియెట్ పరీక్షలు రాస్తోంది. ఆరేళ్లుగా పక్క ఊరి టీచరుగారి దగ్గర సంగీతం నేర్చుకుంటోంది. డిగ్రీలో సంగీతమే తీసుకుంటానని పట్టుపట్టింది. సంక్రాంతికి వెళ్లినప్పుడు మా నాన్న నన్ను కళ్లంలోకి పిలిచి, "ఏరా అబ్బాయ్, నువ్వు అక్కడే చదువుతున్నావు గదా. ఆ సంగీతం డిగ్రీ చదివిన పిల్లలు తరవాత ఏం చేసుకుని బతుకుతున్నారు?" అని అడిగాడు. కోపంగా కాదు. విత్తనాలు కొనేముందు మొలక సంగతి అడిగినట్టు అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇక గది సంగతి. నా గదిమిత్రుడు సంగీతశాఖలో మూడో సంవత్సరం విద్యార్థి. వాళ్ల నాయనమ్మ నాట్లు వేసేటప్పుడు పాడే పాట ఒకటి వాడికి నోటికి వచ్చు. పోయిన వేసవిలో ఒకాయన వాణ్ణి స్టూడియోకు పిలిపించి ఆ పాట పాడించుకున్నాడు. రెండు వేల రూపాయలు చేతిలో పెట్టి, నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. మావాడు ఆ కాగితం చదవలేదు. ఒక ప్రతి ఇమ్మని కూడా అడగలేదు. ఆ సంతోషంలో మా అందరికీ బిర్యానీ పెట్టించాడు.

ఆరు నెలల తరవాత ఒక పెళ్లిలో మేం బంతిలో కూచుని ఉండగా మైకులో ఆ పాటే వచ్చింది. చుట్టూ డప్పులు, కీబోర్డు కలిపారు గాని గొంతు వీడిదే. ఫోనులో వెదికితే పాట దొరికింది. నిర్మాత పేరుంది, సంగీతం కూర్చినవారి పేరుంది. పాడినవాడి పేరు మాత్రం లేదు. వాడు ఏమీ అనలేదు. ఆకు మడిచి లేచిపోయాడు.

అంతకంటె బాధ తరవాత కలిగింది. నాయనమ్మ సంవత్సరీకం నాడు ఆ పాటనే తంబురా శ్రుతి మీద ఒక్కడే కూచుని పాడి, ఫోనుతో తీసి అంతర్జాలంలో పెట్టాడు. రెండు రోజులకు నోటీసు వచ్చింది, ఈ పాట ఫలానావారి సొత్తు అని. వాడు భయపడి పాట తుడిచేశాడు. నాయనమ్మ పాటను మనవడు తన చేత్తో తుడిచేశాడు! మూడేళ్లు సంగీతం చదివినవాడికి ఆ నోటీసుకు జవాబు రాయవచ్చునన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి నాకు మా నాన్న మాట గుర్తొచ్చింది. నేను పదో తరగతి రాసిన వేసవిలో మిరపకాయల టిక్కీలతో పాటు నన్నూ యార్డుకు తీసుకెళ్లి కాటా పక్కన నిలబెట్టాడు. "పండించడం సగం పనేరా. కాటా చూడ్డం మిగతా సగం" అన్నాడు. తేమ పేరు చెప్పి ఎంత తీస్తారో, తాలు పేరు చెప్పి ఎంత తీస్తారో, గోతం బరువెంతో, తరుగు ఎంతో, కమీషను ఎంతో చూసుకుని, చీటీ చదివి జేబులో పెట్టుకోవాలి. చదువురాని రోజుల్లో మా తాత ఆ చీటీలు ఎవరిచేతనో చదివించుకునేవాడట.

నేను చెప్పదలచింది ఇంతే. మన సంగీతశాఖ పండించడం నేర్పుతోంది. కాటా చూడ్డం నేర్పడం లేదు.

పండించడం తక్కువ పని అని నా ఉద్దేశం కాదు. తెల్లవారుజామున మా హాస్టల్లో అందరికంటె ముందు లేచేది మా గదివాడే. రాగలక్షణాలు, తాళాలు, కృతులు, వాగ్గేయకారుల చరిత్రలు వాడు చదివే చదువు మా ప్రాక్టికల్సు కంటె కష్టం. ఆ శిక్షణకు పెద్ద చరిత్ర ఉంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల, పి. సుశీల ఆ కళాశాలలో చదువుకునే సినిమారంగానికి వెళ్లారు. కనుక కళాశాలకూ పరిశ్రమకూ సంబంధం ఇవాళ కొత్తగా పుట్టింది కాదు.

మారింది దారి. ఆ రోజుల్లో దారులు కొద్ది, కాని కనబడేవి. 1948లో విజయవాడలో రేడియో కేంద్రం వచ్చింది. ఆడిషన్‌లో నెగ్గితే పాడే అవకాశం ఉండేది. లేదా బళ్లో సంగీతం టీచరు. లేదా మద్రాసు రైలు. అక్కడి స్టూడియోల్లో ఒక పాటకు పదుల మంది వాద్యగాళ్లు కలిసి కూచుని వాయించేవారు. 1980ల తరవాత ఎలక్ట్రానిక్ కీబోర్డులు, ఆపైన కంప్యూటర్లు వచ్చి ఆ కొలువు చెదిరింది. ఇప్పుడు ఒక చిన్న గది, ఒక మైకు, ఒక కంప్యూటరు ఉంటే పాట తయారవుతుంది. ఇది మంచిదే. మద్రాసు రైలెక్కకుండానే మా ఊరి పిల్ల పాట అమెరికాలో వినబడుతుంది. కాని వెనక పదిమంది చేసే పనులన్నీ ఇప్పుడు పాడేవాడి నెత్తిమీదే పడ్డాయి. రికార్డు చేసుకోవాలి, పేరు వేసుకోవాలి, కాగితం రాసుకోవాలి, లెక్క చూసుకోవాలి. ఈ నాలుగూ మన సిలబసులో లేవు.

కాగితం సంగతే చూడండి. మా గదివాడి గొడవ తరవాత నేను న్యాయకళాశాల మిత్రుల దగ్గర కూచుని కొంత తెలుసుకున్నాను. పాట ఒక్క కమతం కాదు. సాహిత్యం ఒక మడి, బాణీ ఒక మడి, రికార్డింగు ఒక మడి, పాడినవారి హక్కు మరొకటి. ఒక్కోదానికీ ఒక్కో హక్కుదారు ఉండవచ్చు. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు బహుమతి అందుకున్నది బాణీ కట్టిన కీరవాణిగారు, పాట రాసిన చంద్రబోస్‌గారు. పాడిన ఇద్దరికీ ఆ బహుమతిలో భాగం లేదు. వారు తక్కువవారని కాదు, ఆ బహుమతి పాట రచనకు ఇచ్చేది కనుక. మన హాస్టల్లో దీనిమీద అర్ధరాత్రిదాకా వాదించుకున్నాం గాని, ఈ తేడా ఒక్కడికీ తెలియదు.

మన దేశంలో కాపీరైటు చట్టం 1957 నాటిది. సినిమాకోసం డబ్బు తీసుకుని బాణీ కడితే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎన్నో ఏళ్ల పోరాటం తరవాత 2012లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు సినిమా పాటైనా, రచయితా సంగీతకర్తా తమ రాయల్టీ వాటాను వదులుకుంటున్నామని కాగితం రాసిచ్చినా అది చెల్లదు. థియేటరులో ఆ సినిమాతో పాటు వినిపించే సందర్భం ఒక్కటే మినహాయింపు. పాడినవారికి కూడా వ్యాపారపు వాడకంలో రాయల్టీ హక్కు ఇచ్చారు. హక్కు అప్పగించే కాగితంలో ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టమే చెబుతోంది. మావాడి నాలుగు పేజీల్లో ఏముందో మాకు ఇప్పటికీ తెలియదు, ప్రతి లేదు గనక.

ఇక నాయనమ్మ పాట. ఎవరు కట్టారో తెలియని, తరతరాలుగా నోటినోటా వచ్చిన పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఆయన చేయించిన రికార్డింగు మీద ఆయనకు 60 ఏళ్లు హక్కు ఉండవచ్చు. మనవడు వేరేగా కూచుని కొత్తగా పాడిన పాట మీద ఆ హక్కు లేదు. గట్టు ఎక్కడుందో తెలియక మావాడు తన చేను తనే వదిలేసి వచ్చాడు.

రేపు ఇంకో చిక్కు. ఒకరి గొంతు నమూనా తీసుకుని, వారు పాడని పాటను ఆ గొంతుతో పాడించే యంత్రవిద్య వచ్చింది. 2024లో గాయకుడు అరిజీత్ సింగ్ కోర్టుకు వెళితే, అనుమతి లేకుండా అట్లా వాడరాదని బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంత పేరున్నవాడే కోర్టు మెట్లెక్కాడంటే, మన పిల్లలు సంతకం పెట్టేముందు ఆ వాక్యం కాగితంలో ఉందో లేదో చూసుకోవద్దా?

దీనికి కోట్లు కావాలని నేను అనడం లేదు. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ వరకు వింటుంది. అందుకే సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. పై హద్దుకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలి గనక. ఇది మేం ఫిజిక్సులో చదువుతాం. సంగీతశాఖ రెండు వరండాల అవతల ఉంది. మూడేళ్లలో అక్కణ్ణుంచి ఒక్కరు మా ల్యాబుకు రాలేదు, మేమూ వెళ్లలేదు. లెక్కలు చెప్పడానికి కామర్సు శాఖ ఉంది. కాగితాలు చదవడం నేర్పడానికి న్యాయకళాశాల ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒక శాఖవారు మరో శాఖ పాఠం చదవడాన్ని ప్రోత్సహిస్తోంది. కావలసింది ఒక్క పేపరు. చివరి ఏడాది ప్రతి సంగీత విద్యార్థి తన పాట తనే రికార్డు చేయాలి. అందులో ఎవరి హక్కు ఏదో రాయాలి. ఒక ఒప్పందం చదివి, దాని అర్థం తెలుగులో చెప్పాలి. అంతే.

సంగీతశాఖ మాస్టారు ఒకరితో ఈ మాట అంటే, "నాదోపాసనను బజారు చేస్తావా నాయనా? త్యాగరాజు రాజుగారి కానుకలనే వద్దన్నాడు" అన్నారు. ఆయనంటే నాకు గౌరవం. కాని త్యాగరాజస్వామి తనకేమి ఇవ్వజూపారో తెలిసి వద్దన్నాడు. మావాడు తానేమి పోగొట్టుకుంటున్నాడో తెలియక ఇచ్చేశాడు. మొదటిది వైరాగ్యం, రెండోది నష్టం. సాధన గంటలు తగ్గించమని నేను అనడం లేదు. మైకు ముందు అపశ్రుతి మరింత స్పష్టంగా వినబడుతుంది. సాధన ఇంకా ఎక్కువే కావాలి.

కాటా చూడ్డం వచ్చినంత మాత్రాన ధర పెరగదని కూడా ఒప్పుకుంటాను. మా నాన్నకు కాటా బాగా తెలుసు, అయినా ధర ఆయన చెప్పింది ఏ ఏడూ పలకలేదు. ఇరవయ్యేళ్ల కుర్రవాడు కంపెనీతో బేరమాడి గెలుస్తాడా? గెలవకపోవచ్చు. కాని మా నాన్న పక్కన నిలబడిన రోజు తరుగు తగ్గుతుంది. అది నేను కళ్లారా చూశాను. ఎప్పుడు సరుకు తిరిగి బండికెక్కించాలో కూడా ఆయనకు తెలుసు.

పోయిన వారం నాన్నకు ఫోను చేసి సంక్రాంతినాటి ప్రశ్నకు జవాబు చెప్పాను. టీచరు కావచ్చు. కచేరీలు చేయవచ్చు. విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఇంట్లోంచే పాఠాలు చెప్పవచ్చు. రికార్డింగు పని, సీరియళ్లకూ చిన్న సినిమాలకూ సంగీతం ఉన్నాయి. ఏదీ ఖాయం కాదు, మన మిరప లాగే. అయితే కాటా చూసుకోవడం రావాలి అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "మరి అక్కడ అది నేర్పుతారా?" అన్నాడు. "ఇంకా లేదు నాన్నా" అన్నాను. చెల్లెలి దరఖాస్తు ఇంకా బీరువాలోనే ఉంది.

మిత్రులారా, ఈ పేపరు పెట్టమని ప్రిన్సిపాలుగారికి ఇచ్చే విజ్ఞాపన ఒకటి రాసి సంఘం గదిలో బల్లమీద ఉంచాం. ఒకే పేజీ, తెలుగులోనే ఉంది. ఏ శాఖవారైనా వచ్చి సంతకం చేయవచ్చు. చదివిన తరవాతే చేయండి.