చైను జాఱిన బండి

గత మాసమున కొమురవెల్లి మల్లన్న దర్శనము చేసికొని సిద్దిపేటకు మరలివచ్చుచుండగా మా మోటారుసైకిలు చైను జాఱి వెనుక చక్రమున జిక్కుకొనెను. బండి మెల్లగా నడచుచుండుటచే బ్రతికితిమి. మా కొంగునకును చైనునకును నడుమ జానెడు దూరమైనను లేకుండెను. ఒక ప్రక్కగా కూర్చుండు స్త్రీల కాళ్లు ఎడమకు వ్రేలాడును. మన మోటారుసైకిళ్లలో చైను గూడ నెక్కువగా ఎడమప్రక్కనే యుండును. కావున నిది పురుషుల సంగతి యని యూరకుండ వీలులేదు.

ఇంజను చెడినందున మూడు మాసములకు ముందు వేఱొక బండి ఇంజను నెక్కించిరి. అది చట్రములో కొంచెము లోపలికి కూర్చున్నది. దానివలన ముందరి స్ప్రాకెట్టు, అనగా చైనును లాగు పండ్ల చక్రము, వెనుకదానికి సూటి తప్పెను. మెకానిక్కు ఇది యెఱిగియు వెనుక చక్రమునే వంకరగా బిగించి సరిపోయిన దనెను. కుట్టుమిషను త్రొక్కు సోదరీమణులకు ఈ దోషము వెంటనే బోధపడును. పైచక్రమును క్రిందిచక్రమును సూటిగా లేనిచో తోలుపట్టా జాఱును గదా! పట్టా జాఱి యూరకుండును. ఇనుప చైను మాత్రము పండ్లను కొఱికి, తానును అరగిపోవును.

మఱియొక షెడ్డులో చైను విప్పగా స్ప్రాకెట్టు పండ్లు ఒక ముఖముననే తళతళలాడుచుండెను. వంకరకు గుర్తు అదియే యట. అతడు మొదట వెనుక చక్రమును ముందు చక్రమునకు సూటిగా నిలిపెను. పిదప వెనుక స్ప్రాకెట్టు ముఖమున కానించి దారము బిగ లాగగా, ముందరిది నాలుగు మిల్లీమీటర్లు లోపలికి కనబడెను. మన ముగ్గు దారము వంటిదే, కాని యెంత నిజము చెప్పెను! ఇంజను బోల్టులయొద్ద అంత మందముగల ఉక్కు వాషర్లు వేసి ఇంజనునే జరిపిరి. చక్రమును మాత్రము ముట్టలేదు. అరగిన పండ్లపై క్రొత్త చైను నిలువదు గనుక రెండు స్ప్రాకెట్లును మార్పించితిమి. చైనును నడుమ వ్రేలితో నెత్తిన అంగుళమంత ఆడవలె ననియు, చక్రమును త్రిప్పుచు నాలుగుచోట్ల చూడవలె ననియు నతడు చెప్పెను. చూచునపుడును, నూనె పెట్టునపుడును ఇంజను ఆగియుండవలెను. తిరుగు చైను వ్రేళ్ల నెఱుగదు.

వెనుక కూర్చుండువారి వస్త్రములు చిక్కకుండ వెనుక చక్రమున సగమునకు తక్కువగాని కప్పు ఉండవలె నని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వ నియమము. మా బండి కప్పును మొదటి షెడ్డులో విప్పి మరల బిగింపలేదు. మేమును అడుగలేదు, సుమండీ. ఇపుడు బిగించిరి. రిజిస్ట్రేషను పత్రములో ఇంజను సంఖ్య మార్పించుట కొఱకు మా యింటివారు రవాణా కార్యాలయమునకు తిరుగుచున్నారు.