బోటు పేరు దుర్గమ్మ, ఆడపిల్ల ఎక్కితే మాత్రం తప్పా?

తీరం ఊళ్ళ పెద్దలకు, సరంగు అన్నలకు, చదువుకునే ఆడపిల్లల తల్లిదండ్రులకు!

2015 జూన్ సంగతి. కాకినాడ నుంచి భీమిలి వైపు బయల్దేరిన ‘దుర్గమ్మ’ బోటుకు నడిసంద్రంలో ఇంజను ఆగింది, లంగరు పోయింది. తిండీ నీళ్ళూ అలల పాలయ్యాయి. చేపల కోసం తీసుకెళ్ళిన ఐసుతోనే ఏడుగురు ప్రాణాలు నిలుపుకున్నారు. వాళ్ళలో ఒకడికి పదిహేనేళ్ళు. ఇళ్ళ దగ్గర ఆశ వదులుకుని కర్మకాండకు సిద్ధమవుతున్నారు. జూన్ 22న ఒడిశా గోపాలపూర్ ఎదుట ‘సంపూర్ణ స్వరాజ్య’ అనే చమురు ఓడకు ఆ బోటు కనబడింది. పాతికడుగుల అలలు, హోరుగాలి, వాన. నిచ్చెన దించి మూడుసార్లు ప్రయత్నిస్తే గాని ఏడుగురూ ఓడెక్కలేదు.

ఆ ఓడ కెప్టెన్ రాధికా మేనన్. బోటులో ఆడది అడుగుపెడితే వేట పడదనే మాట ఆ ఏడిళ్ళ ముందు నిలబడి ఎవరైనా అనగలరా?

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదులెండి. ఫ్రెంచి నౌకాదళం ఓడల్లో అప్పట్లో ఆడవాళ్ళను ఎక్కనిచ్చేవారు కాదు గనుక 1766లో జాన్ బారే అనే ఆవిడ మగవేషం కట్టి ఎక్కింది, భూమిని చుట్టొచ్చింది. మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఏ వేషమూ కట్టకుండానే 2017–18లో మరో నలుగురు నౌకాదళ మహిళలతో ‘తారిణి’ అనే తెరచాప పడవ మీద 254 రోజుల్లో చుట్టొచ్చారు. అయినా 2021 లెక్క ప్రకారం ప్రపంచ వాణిజ్య నౌకల మీద ఆడవాళ్ళు నూటికి ఇద్దరైనా లేరు.

ఈ లెక్క మారాలంటే మన ఊళ్ళలోనే మొదలుపెట్టాలి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు బోట్లు కట్టేసి ఉంటాయి, బళ్ళకూ చాలావరకు అప్పుడే సెలవులు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు ఈత, ఇంజను పని, వైర్‌లెస్ నేర్పించాలి. నేర్పే సరంగుకు మత్స్యశాఖ కూలి ఇవ్వాలి.

ఓడలో ఆఫీసరు కావాలంటే ఇంటర్‌లో ఎంపీసీ ఉండాలి, ఐఎంయూ సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కంటిచూపు పరీక్ష నెగ్గాలి. పిల్ల వేరే గ్రూపులో చేరిపోయాక ఈ సంగతి తెలిసి ఏం లాభం? పదో తరగతిలోనే బడిలో చెప్పించాలి. సీటొచ్చిన మత్స్యకార ఆడపిల్ల ఫీజు ప్రభుత్వమే కట్టాలి. బోటు డీజిలుకు సబ్సిడీ ఇచ్చే చెయ్యి దీనికి వెనక్కి పోకూడదు.

ఆగస్టు 15 గ్రామసభకు రండి. తీర్మానం కాగితం మేం రాసి తెస్తాం. మొదటి సంతకం మాత్రం సరంగులదే కావాలి.

— జెట్టీ దగ్గర గంపలెత్తే ఆడవాళ్ళం