సైబీరియా చుట్టాలు కావు, మన ఇంటివే!

మొన్న సంక్రాంతికి బోధన్ పక్కనే ఉన్న మా మేనమామ ఊరికి వెళ్లాను. 2015 డిసెంబరులో షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక అక్కడ చెరకు బాగా తగ్గిపోయింది. ఎటు చూసినా వరే. చెరువు మాత్రం చిన్నప్పుడు చూసినట్టే ఉంది. మోకాల్లోతు నీళ్లలో అయిదు పెద్ద కొంగలు నిలబడ్డాయి. పసుప్పచ్చని పొడుగాటి ముక్కు, ఎర్రటి బోడితల, తోక దగ్గర గులాబీరంగు ఈకలు. సగం తెరిచిన ముక్కును నీళ్లలో అటూ ఇటూ ఊపుతూ నడుస్తున్నాయి. చేప తగిలిందా, టక్కున మూసేస్తున్నాయి.

"చూసినవా అల్లుడా, సైబీరియాకెల్లి అచ్చినయ్" అన్నాడు మామ, గర్వంగా.

నేనూ చాలాకాలం అదే నమ్మాను. కానీ కాస్త ఆలోచించండి. చలికి తాళలేక ఉత్తరం నుంచి వచ్చే పక్షులు ఇక్కడ తిని, బలం పుంజుకుని, గుడ్లు పెట్టడానికి తిరిగి తమ చోటికే పోతాయి. ఇవేమో మన చింతచెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పుట్టిల్లు ఇదే అయినప్పుడు చుట్టాలెలా అవుతాయి? వీటి పేరు ఎర్రకాళ్ల కొంగలు. ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్కులు. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి, మన దేశంలోనే తిరుగుతుంటాయి. అసలు సైబీరియా కొంగలు వేరే జాతి. భరత్‌పూర్‌కు అవి రావడం 2002తోనే ఆగిపోయింది.

లేపాక్షి దగ్గరి వీరాపురంలో ఈ ఎర్రకాళ్ల కొంగలు ఏటా ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి. రెట్టల కంపు భరిస్తూనే ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటారు. అవొస్తే వానలు బాగా పడతాయని వాళ్ల నమ్మకం. అయితే ఊరి ప్రేమ ఒక్కటే సరిపోదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ పక్షులంటే ప్రాణమే. అయినా 2021 చివర్లో అక్కడ గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. కడుపులో చేరిన నులిపురుగులే కారణమని తేలింది. తినే చేపల్లో, బతికే నీళ్లలో తేడా వస్తే ఎంత ప్రేమ ఉండి ఏం లాభం?

అందుకే ఈ పేరు గొడవ. సైబీరియావి అనుకుంటే, ఒక ఏడు రాకపోయినా అక్కడేదో అయ్యుంటుందిలే అని ఊరుకుంటాం. మనవే అనుకుంటే మన చెరువునీ, మన చెట్టునీ చూసుకోవాల్సి వస్తుంది.

ఇదంతా చెబితే మామ "మరి గిక్కడ గూళ్లెందుకు పెడ్తలేవురా?" అన్నాడు. కట్టవైపు చూపించాను. ఒకప్పుడు వరసగా చింతచెట్లుండే కట్ట అది. ఇప్పుడు మిగిలింది మామ వాళ్లది ఒక్కటే. దానికీ కలపవాళ్లు బేరం పెట్టారట.

"ఉంచితే నాకేమొస్తది?"

న్యాయమైన ప్రశ్నే. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో, పక్షులు గూళ్లు పెట్టే చింతచెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇస్తుందని చెప్పాను. మనదగ్గరా అడగొచ్చు కదా అన్నాను.

"సూద్దాం తియ్" అన్నాడు.

నిన్న ఫోన్ చేసి ముందుగా చెట్టు సంగతే అడిగాను. ఇంకా ఉందట.