భూతాపంపై తీర్పుతోపాటు సాక్ష్యమూ అచ్చు కావాలి: తెలుగు అకాడమీలకు బహిరంగ లేఖ

హైదరాబాదులోని తెలుగు అకాడమి, ఆంధ్రప్రదేశ్‌లోని తెలుగు–సంస్కృత అకాడమి సంచాలకులకు,

భూమి వేడెక్కడానికి మనిషే కారణమన్న వాక్యం విద్యార్థికి కంఠతా వచ్చినా, ఆ సంగతి ఎలా తేలిందని అడిగితే జవాబు తడబడుతుంది. సాక్ష్యాన్ని వదిలి తీర్పును మాత్రమే వల్లె వేయించే బోధనకు ఇది సహజ ఫలితం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే సామెత ఉన్న నేల మీద, ఎండలు ఎప్పుడూ ఉన్నవేననీ హిమయుగాలు మనిషి ప్రమేయం లేకుండానే వచ్చి పోయాయనీ వాదించేవారు ఉంటారు. వారి మాటలో సగం నిజమూ ఉంది. భూకక్ష్య ఆకారం, అక్షం వాలు, ఆ అక్షం బొంగరంలా ఊగే తీరు నెమ్మదిగా మారుతూ హిమయుగాల రాకపోకలను నడిపించాయి. మిలంకోవిచ్ చక్రాలనే ఈ మార్పులకు సుమారు 20 వేల నుంచి లక్ష ఏళ్లు పడుతుంది కనుక, నూట యాభై ఏళ్లలో పెరిగిన వేడిని వాటికి అంటగట్టడం కుదరదు.

ఇక సూర్యుడు. సూర్యకాంతి దాదాపు 11 ఏళ్లకొకసారి, అదీ వెయ్యింట ఒక వంతు మేరకే హెచ్చి తగ్గుతుంది. 1978 నుంచి ఉపగ్రహాలు కొలిచిన లెక్కల్లో అది క్రమంగా పెరుగుతున్న జాడ లేదు. అంతకంటే గట్టి సాక్ష్యం గాలి పొరల్లోనే ఉంది, పాఠంలో పూర్తి పేజీ దక్కవలసినదీ దానికే. నేలను ఆనుకుని, మబ్బులూ వానలూ పుట్టే పొరను ట్రోపో ఆవరణమనీ, దాని పైన ఓజోను ఉండే పొరను స్ట్రాటో ఆవరణమనీ అంటారు. వేడికి సూర్యుడే మూలమైతే రెండు పొరలూ వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ మూలమైతే, అది నేల నుంచి పైకి పోయే ఉష్ణ వికిరణాన్ని కింద నిలిపి ఉంచుతూ, పలుచని పై పొర నుంచి మాత్రం వేడిని అంతరిక్షంలోకి వెదజల్లుతుంది కనుక, కింద వేడెక్కి పైన చల్లబడాలి. వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే దీన్ని గణించి చూపగా, తర్వాతి దశాబ్దాల కొలతలు అదే చెప్పాయి. ఓజోను తరుగుదల పాత్ర కూడా ఇందులో కొంత ఉంది, దాన్ని దాచనక్కరలేదు. ఆ ఒక్కటే ఇంత చల్లదనానికి చాలదు.

ఆ వాయువు మనిషి వదిలినదేనా అన్నది తర్వాతి ప్రశ్న. శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతంపై కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల అణువులకు సుమారు 315గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఒకే మూలకానికి చెంది బరువులో తేడా ఉన్న పరమాణువులను ఐసోటోపులంటారు. కార్బన్ ఐసోటోపుల్లో ఒకటైన కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది కనుక, కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్న బొగ్గులో అది మిగలదు; అలాంటి బొగ్గు కాలేకొద్దీ గాలిలో దాని వాటా పలుచబడుతుంది. రసాయన శాస్త్రవేత్త హాన్స్ స్యూస్ 1955లో చెట్ల వలయాల్లో పట్టుకున్న జాడ ఇదే. అగ్నిపర్వతాల వాయువులోనూ కార్బన్-14 ఉండదు కదా అని విద్యార్థి అడగవచ్చు, అడగాలి కూడా. మొక్కలు తేలికైన కార్బన్-12ను ఎక్కువగా పీల్చుకోవడం వల్ల వాటి నుంచి పుట్టిన బొగ్గులో కార్బన్-13 తక్కువ. అగ్నిపర్వత వాయువులో అంత తక్కువ కాదు. గాలిలో కార్బన్-13 వాటా కూడా తగ్గుతూనే ఉంది. పైగా అగ్నిపర్వతాలు ఏటా వదిలేది మనిషి వదిలేదానిలో నూటికి ఒక వంతయినా ఉండదు.

సహజ కారణాలను పాఠం నుంచి చెరిపేయమని ఈ లేఖ కోరడం లేదు. ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం 1991లో బద్దలైనప్పుడు భూమి సుమారు అర డిగ్రీ చల్లబడింది. పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్ నినో ఏడాదిలో వేడి ఎగబాకుతుంది. అవి వచ్చిపోయే ఒడిదుడుకులు. వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ, 1850–1900తో పోలిస్తే 2010–2019 నాటికి మనిషి వల్ల పెరిగిన వేడిని 1.07 డిగ్రీలుగా, సూర్యుడూ అగ్నిపర్వతాలూ కలిసి తెచ్చిన మార్పును సున్నాకు అటూఇటూగా 0.1 డిగ్రీ లోపుగా 2021 నివేదికలో అంచనా కట్టింది.

ఉన్నత విద్యను తెలుగులో అందించడానికి 1968లో పుట్టిన సంస్థకు రెండు అకాడమీలూ వారసులే. తెలుగులో అచ్చు వేసే శాస్త్ర గ్రంథాల తదుపరి ముద్రణలో, ఐసోటోపుల అధ్యాయంలో స్యూస్ కొలతనూ, ఉష్ణ వికిరణం అధ్యాయంలో మనాబే లెక్కనూ ఉదాహరణలుగా చేర్చవలసిందిగా మనవి.