శిక్షకుణ్ణి మారిస్తే చాలునా?

శరత్కాలంలో శనివారం వచ్చిందంటే అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర రాజధాని లింకన్ నగరం ఎర్రబడుతుంది. చొక్కాలు ఎరుపు, టోపీలు ఎరుపు, ఇళ్ల ముందు ఎగిరే జెండాలు ఎరుపు. ఆనాడు విశ్వవిద్యాలయపు మెమోరియల్ స్టేడియంలో దాదాపు 85,000 మంది చేరుతారు. ఒమాహా, లింకన్ నగరాలను మినహాయిస్తే ఆ రాష్ట్రంలో అంత జనాభా గల ఊరు మరొకటి లేదు. అంటే, ఆట జరిగినంతసేపూ ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడవ పెద్ద నగరమన్న మాట. 1962 నవంబరులో మొదలైన ఒక ఆనవాయితీ అక్కడ ఉన్నది. సొంతగడ్డపై ఆడే ప్రతి ఆటకూ టిక్కెట్లన్నీ అమ్ముడుపోవలసిందే. 2009 సెప్టెంబరులో ఆ వరుస 300 ఆటలకు చేరింది. ఆ తరువాతా సాగింది.

ఇంతటి ఆదరణ గల జట్టు గెలుస్తూనే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కాని 2017 నుంచి 2023 వరకు, వరుసగా ఏడు సంవత్సరాలు, ఆ జట్టుకు ప్రతి ఏటా విజయాలకంటె ఓటములే ఎక్కువ. గెలిచే జట్టును ప్రేమించడానికి పెద్ద మనసు అక్కరలేదు. ఓడే జట్టు కోసం వందల మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చి, చలిలో కూర్చుని, చివరి అయిదు నిమిషాలలో విజయం చేజారడం చూసి, మళ్లీ అంత దూరమూ మౌనంగా తిరిగి వెళ్లే మనిషి సంగతి వేరు. ఆ మనిషి కోపానికి గురి అయ్యేది ఆటగాళ్లు కారు. వారు ఇరవై ఏళ్లయినా సరిగా నిండని విద్యార్థులు. కోపమంతా శిక్షకుని మీదికే మళ్లుతుంది.

దీనికి కారణం ఆ ఆట స్వభావంలోనే ఉన్నది. ఫుట్‌బాల్ అనగానే మన పాఠకుల మనసులో మెదిలే ఆట కాదిది. బంతి కోలగా ఉంటుంది. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చు, విసరవచ్చు. పక్షానికి పదకొండుమంది. బంతి చేతికి వచ్చిన పక్షం నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. అవతలి హద్దు దాటిస్తే ఆరు పాయింట్లు. ఒక్కొక్క ప్రయత్నానికీ నడుమ ఆట ఆగుతుంది. ఆ విరామంలో తరువాతి ఎత్తు ఏమిటో నిర్ణయించి ఆటగాళ్లకు అందజేసేది శిక్షకవర్గమే. మన ఫుట్‌బాల్‌లో ఆట మొదలయ్యాక శిక్షకుడు గట్టున నిలబడి కేకలు వేయడం తప్ప చేయగలిగింది తక్కువ. అక్కడ అలా కాదు. చదరంగంలో పావులు కదిపినట్టు ప్రతి కదలికా ఆయన ఆజ్ఞే. అందువల్ల గ్యాలరీలో కూర్చున్న రైతుకూ, బడిపంతులుకూ, మెకానిక్కుకూ ఆ నిర్ణయం తప్పో ఒప్పో తేల్చే అవకాశం ఆటకు వందసార్లయినా లభిస్తుంది. తాను అనుకున్నది ఒకటి, శిక్షకుడు చేసింది మరొకటి, ఫలితం ఓటమి అయినప్పుడు ఆవేదన రెట్టింపవుతుంది.

నెబ్రాస్కాలో అగ్రశ్రేణి వృత్తి ఫుట్‌బాల్ జట్టు లేదు. సుమారు ఇరవై లక్షల జనాభాకు ఈ విశ్వవిద్యాలయ జట్టే సర్వస్వం. జట్టు పేరు ‘కార్న్‌హస్కర్స్’. మొక్కజొన్న పొత్తుల పొట్టు ఒలిచేవారని అర్థం. వ్యవసాయమే జీవనాధారమైన ఆ గడ్డకు తగిన పేరే. అందుచేత అక్కడి అభిమాని దృష్టిలో జట్టు ఓటమి వినోదానికి సంబంధించిన విషయం కాదు; సొంత ఊరి పరువుకు సంబంధించిన విషయం.

ఆ పరువు ఎలా వచ్చిందో తెలిస్తేగాని ఇప్పటి బాధ అర్థం కాదు. 1957 నుంచి 1961 వరకు అయిదేళ్లలో ఆ జట్టు 15 ఆటలు మాత్రమే గెలిచి 34 ఓడింది. 1962లో బాబ్ డెవానీ శిక్షకులుగా వచ్చారు. చాలావరకు పాత ఆటగాళ్లతోనే మొదటి ఏడాదే తొమ్మిది విజయాలు సాధించారు. కాని ఆయనకూ గడ్డురోజులు తప్పలేదు. 1967లోనూ, 1968లోనూ ఆరేసి విజయాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1968లో చిరకాల ప్రత్యర్థి ఓక్లహోమా చేతిలో 47-0 తేడాతో చిత్తయ్యారు. అసంతృప్తి గుప్పుమన్నది. విశ్వవిద్యాలయం మాత్రం ఆయనను కదపలేదు. డెవానీ తన ఆటతీరును మార్చుకున్నారు. 1970, 1971 సంవత్సరాలలో నెబ్రాస్కా వరుసగా జాతీయ విజేత అయింది.

తరువాత వచ్చిన టామ్ ఆస్బర్న్ కథ ఇంకా ఆసక్తికరమైనది. 1973లో బాధ్యత చేపట్టిన ఆయన ప్రతి ఏటా కనీసం తొమ్మిది ఆటలు గెలిచారు. అయినా ఓక్లహోమాపై మొదటి అయిదు సంవత్సరాలూ ఓటమే. పెద్ద ఆట గెలవలేని మనిషి అన్న అపవాదు ఆయనను నీడలా వెంటాడింది. 1978లో ఎట్టకేలకు 17-14 తేడాతో ఓక్లహోమాను ఓడించారు. ఆ ఏడాది ముగిశాక కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వస్తే, ఆలోచించి, చివరకు కాదన్నారు. 1984 జనవరి 2న మయామితో జరిగిన ఆరెంజ్ బౌల్ ఆటలో జాతీయ విజేత స్థానం చేతికి అందినట్టే అంది జారిపోయింది. చివరి నిమిషంలో బంతిని తన్ని ఒక పాయింటు తెచ్చుకుంటే ఆట సమమయ్యేది. జాతీయ స్థానం బహుశా దక్కేది కూడా. ఆస్బర్న్ సమానతను కోరలేదు. రెండు పాయింట్ల కోసం ప్రయత్నించారు. బంతి చేజారింది. 31-30తో ఓటమి.

అప్పటికి ఆయన పదవిలోకి వచ్చి పదకొండు ఏడులు. ఒక్క జాతీయ విజయమూ లేదు. మరొక పదకొండు ఏడులు గడిచాక, 1994లో, తన ఇరవై రెండవ సంవత్సరంలో, ఆయనకు మొదటి జాతీయ విజయం దక్కింది. 1995లో రెండవది, 1997లో మూడవది వచ్చాయి. 255 విజయాలు, 49 ఓటములు, 3 సమానమైన ఆటలు. ఇదీ ఆయన విరమించేనాటి లెక్క. నాలుగేళ్లు చాలక పోతే సాగనంపే నేటి అలవాటు ఆనాడే ఉండి ఉంటే ఈ లెక్కలో సగం కూడా పుట్టేది కాదు.

ఆ అలవాటు నెబ్రాస్కాలో 2003లో ప్రవేశించింది. ఆస్బర్న్ వారసులు ఫ్రాంక్ సోలిచ్, ఆ జట్టులోనే ఆడి, అక్కడే ఏళ్ల తరబడి సహాయకులుగా పనిచేసినవారు. 2001 ఆటకాలంలో జట్టును జాతీయ తుది పోటీ వరకు తీసుకువెళ్లారు. 2002లో ఏడు విజయాలు, ఏడు ఓటములతో జట్టు తడబడింది. 2003లో తొమ్మిది గెలిచి మూడు ఓడాక ఆయనను తొలగించారు. మొత్తం 58 విజయాలు, 19 ఓటములు గల మనిషి పనికిరానివాడని తీర్మానించారు. ఆయన స్థానంలో వచ్చిన బిల్ కాలహన్ పరుగుపై ఆధారపడిన ఆటను తీసివేసి, బంతి విసరడంపై ఆధారపడిన ఆటను తెచ్చారు. పరుగు కోసం ఎంపికైన యువకులు విసురు ఆటలో ఇమడలేదు. 2004లోనే జట్టుకు విజయాలకంటె ఓటములు ఎక్కువయ్యాయి. 1961 తరువాత అలా జరగడం అదే మొదటిసారి. నాలుగేళ్లలో కాలహన్ నిష్క్రమించారు.

తరువాత బో పెలీనీ వచ్చారు. ఆయన ఏడేళ్లూ ఏటా కనీసం తొమ్మిది ఆటలు గెలిపించారు. తొమ్మిది చాలవని 2014 చివర ఆయననూ పంపించారు. మైక్ రైలీ మూడేళ్లు ఉన్నారు. 19 విజయాలు, 19 ఓటములు. లెక్క చూస్తే విషయం విశదమవుతుంది. 1962 నుంచి 2003 వరకు నలభై రెండు ఆటకాలాలలో ముగ్గురు శిక్షకులు. 2004 నుంచి 2022 వరకు పంతొమ్మిదింటిలో నలుగురు. మొదటి కాలంలో అయిదు జాతీయ విజయాలు వచ్చాయి. రెండవ కాలంలో తమ ప్రాంతీయ కూటమిలో విజేత స్థానం సైతం ఒక్కసారీ రాలేదు. పొయ్యి మీది అన్నం కుండ మూత మాటిమాటికీ తీసి చూస్తే మెతుకు త్వరగా ఉడుకుతుందా?

అయితే నాణేనికి మరొక వైపు లేకపోలేదు. ఓపిక అన్ని వేళలా సుగుణం కాదు. 2017 డిసెంబరులో స్కాట్ ఫ్రాస్ట్‌ను నియమించినప్పుడు రాష్ట్రమంతా పండుగ చేసుకున్నది. ఆయన నెబ్రాస్కా బిడ్డ. 1997లో జాతీయ విజేత అయిన జట్టుకు సారథ్యం వహించిన క్వార్టర్‌బ్యాక్. శిక్షకులుగా అప్పుడే మరొక విశ్వవిద్యాలయాన్ని ఒక్క ఓటమీ లేకుండా నడిపించి వచ్చారు. ఇంతకంటె మంచి సంబంధం దొరకదని అందరూ సంతోషించారు. కాని ఆయన హయాంలో జట్టు 16 గెలిచి 31 ఓడింది. 2021లో ఓడిన తొమ్మిది ఆటలలో ఏ ఒక్కటీ తొమ్మిది పాయింట్లకు మించిన తేడాతో ఓడలేదు. చిత్తుగా ఓడే జట్టును చూసి అభిమాని నిట్టూర్చి ఊరుకుంటాడు; గెలుపు అంచున పదే పదే కాలుజారే జట్టును చూస్తే నిద్ర పట్టదు.

2022 ఆగస్టు 27న ఐర్లండులోని డబ్లిన్‌లో జరిగిన ఆటలో నార్త్‌వెస్టర్న్‌పై 28-17 ఆధిక్యంలో ఉండగా, ఫ్రాస్ట్ బంతిని దూరంగా తన్నించక, దగ్గరలోనే తన్నించి తిరిగి చేజిక్కించుకునే సాహసానికి పూనుకున్నారు. అది బెడిసికొట్టింది. 31-28తో ఓడిపోయారు. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబరు 10న, సొంతగడ్డపైనే జార్జియా సదరన్ చేతిలో 45-42తో ఓటమి. మరునాడే ఆయనను తొలగించారు. ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయం ఆయనకు 1.5 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అక్టోబరు 1 వరకు ఆగి ఉంటే అందులో సగం మిగిలేది. మూడు వారాల ఓపిక ఖరీదు 75 లక్షల డాలర్లన్న మాట! తరువాత వచ్చిన మ్యాట్ రూల్‌తో ఎనిమిదేళ్లకు 7.4 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది.

డబ్బు ఒక్కటే నష్టం కాదు. 2021 నుంచి విద్యార్థి క్రీడాకారులు ఒక ఏడాది ఆట మానుకోనవసరం లేకుండానే మరొక విశ్వవిద్యాలయానికి మారే వీలు కలిగింది. శిక్షకుడు వెళ్లిపోతే ఆయనను నమ్మి వచ్చిన యువకులూ మూట సర్దుకుంటారు. కొత్తగా వచ్చినవారు పునాది నుంచి మొదలుపెట్టాలి.

అయితే అభిమాని కోపానికి అర్థమే లేదా? ఉన్నది. ఆ కోపం దేనిని చూసి పుట్టిందన్నదే ప్రశ్న. ఆస్బర్న్ జట్టు ఓడినప్పుడు ఓడింది తనకంటె బలమైన ప్రత్యర్థి చేతిలో. ఏడాదికేడాది లోపాలు దిద్దుకుంటూ వచ్చింది. ఫ్రాస్ట్ జట్టు ఏటా అవే తప్పులతో, అవే చివరి నిమిషాలలో ఓడింది. అంకెల పలకపై రెండూ ఓటములే. పాఠం నేర్చుకుంటున్న ఓటమి వేరు, నేర్చుకోని ఓటమి వేరు. మొదటిదానికి గడువు ఇవ్వాలి. రెండవదానికి ఇవ్వనవసరం లేదు. పలకను మాత్రమే చూసే అభిమాని ఈ రెంటినీ ఒకే గాటన కడతాడు. ఆటను చూసే అభిమాని కట్టడు.

ఈ వివేకం మన దేశానికి కొత్త కాదు. అది వేరొక ఫుట్‌బాల్ అయినా నీతి ఒకటే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్ తేడాతో ఓడింది. మనవారిలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. అప్పటి శిక్షకులు హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ పరాభవంతో ఆయన శకం ముగిసిందని తీర్మానించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు జట్టును నడిపించింది ఆయనే. ఆ జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుది పోటీలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకూ ఆయనే గురువు. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు.

నెబ్రాస్కాలో 2024 చివర చిన్న వెలుగు కనిపించింది. రూల్ రెండవ ఏట జట్టు ఏడు గెలిచి ఆరు ఓడింది. 2016 తరువాత మొదటిసారిగా ఏడాది చివరి బౌల్ పోటీలో ఆడి, బోస్టన్ కాలేజిపై 20-15తో నెగ్గింది. ఒకనాడు తొమ్మిది విజయాలు చాలవన్న ఊరు, ఏడు విజయాలకు ఊపిరి పీల్చుకున్నది. చేతిలో ఉన్నదాని విలువ కాలం ఈ విధంగా నేర్పుతుంది.

ఆ స్టేడియంలో మరొక ఆచారమున్నది. ఆట ముగిసి ప్రత్యర్థులు వెళ్లిపోతూ ఉంటే, వారు గెలిచినవారైనా సరే, ఎర్రచొక్కాలవారు లేచి చప్పట్లు కొడతారు. కడుపులో మంట ఉన్నా చేతులు ఆ మర్యాదను మరచిపోవు. శిక్షకులను నియమించే అధికారం ఆ చేతులకు లేదు. తొలగించే అధికారమూ లేదు. బావున్న ఆటను బావున్నదని ఒప్పుకొనే శక్తి మాత్రం ఉన్నది. పరాయి జట్టు పట్ల చూపుతున్న ఆ న్యాయాన్ని తమ శిక్షకుని పట్ల కూడా చూపగలిగితే, ఆయన ఉండాలో వెళ్లాలో చెప్పే అర్హత ఆ అభిమానికి నిండుగా దక్కుతుంది.