ఒక కనుబొమ్మ బొగ్గు నలుపు, ఇంకోటి వెలిసిన రంగు... ఏం చెయ్యాలె?

హాలియాలో పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే నా ఫోన్‌కి కనుబొమ్మల ఫొటోలు రావడం మొదలవుతుంది. అనుముల నుంచి, పెద్దవూర నుంచి, ఒక్కోసారి మిర్యాలగూడ నుంచి కూడా. అందరిదీ ఒకటే మాట. "అక్కా, ఒకటి బొగ్గు లెక్క ఉంది. ఇంకోటి అసలు పట్టనే లేదు. రేపే ఫంక్షన్, ఏం చెయ్యాలె?"

అందరికీ నేను ముందు చెప్పేది కూడా ఒకటే. దానిమీద ఇంకేం పెట్టొద్దు. తర్వాత ఒక ప్రశ్న అడుగుతా. "అసలు ఏం పెట్టినవ్?" రంగు తేడాగా పడితే సరిచేసుకోవచ్చు. కానీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబులే అప్పుడప్పుడు నాకు భయం పుట్టిస్తాయి. దాని సంగతి కింద చెబుతా. ముందు మీ కంగారు తీరుద్దాం.

సెల్ఫీ చూసి డిసైడ్ కావొద్దు

రంగు తేడా ఉందా లేదా అనేది సెల్ఫీలో తేల్చుకోకండి. ఫ్రంట్ కెమెరా మొహానికి దగ్గరగా ఉంటుంది. అందుకే దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా చూపిస్తుంది. పైగా చాలా ఫోన్లలో తీసేటప్పుడు అద్దంలో లెక్క కనిపించి, సేవ్ అయ్యాక కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు రోజూ చూసే మొహమే వంకరగా అనిపిస్తుంది. ఆ ఫొటో చూసి బాగున్న కనుబొమ్మనే దిద్దుకున్నవాళ్లున్నారు.

పగటి వెలుతురులో, కిటికీకి ఎదురుగా నిలబడి, చేయి చాచినంత దూరంలో అద్దం పెట్టుకొని చూడండి. ఒక పక్క నుంచి లైటు పడితే రెండో పక్క ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది. ఇంకో మాట, ఎవరి కనుబొమ్మలూ రెండూ ఒకేలా ఉండవు. చేయి దూరం నుంచి తేడా తెలియడం లేదంటే ఫంక్షన్‌లో కూడా ఎవరికీ తెలియదు.

తేడా ఎందుకు వస్తుంది?

కనుబొమ్మలకు టింట్ వేయడమంటే రంగు క్రీమ్‌ను డెవలపర్‌తో కలిపి కొన్ని నిమిషాలు ఉంచి తుడిచెయ్యడమే. ఆ రంగు వెంట్రుకకూ పడుతుంది, కింద చర్మానికీ పడుతుంది. చర్మం మీద రంగు కొద్ది రోజుల్లోనే పోతుంది. వెంట్రుక మీదిది కొన్ని వారాలుంటుంది. తేడాలు ఎక్కువగా వచ్చేది ఈ నాలుగు చోట్ల.

ఒకటి, నూనె. కనుబొమ్మలు ఒత్తుగా రావాలని రాత్రి ఆముదం రాసుకుంటాం. పొద్దున సబ్బుతో కడిగినా జిడ్డు పూర్తిగా పోదు. బోరు నీళ్లయితే మరీ కష్టం, సబ్బు నురగే సరిగ్గా రాదు. జిడ్డు మిగిలినచోట రంగు పట్టదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది.

రెండు, థ్రెడ్డింగ్. దారంతో లాగిన వెంటనే చర్మం ఎర్రబడి, కంటికి కనిపించని గీతలు పడతాయి. ఎక్కువ లాగిన వైపు రంగు ఎక్కువగా దిగుతుంది, మంట కూడా పుడుతుంది. థ్రెడ్డింగ్ చేయించుకొని కుర్చీలోంచి లేవకముందే టింట్ వేయించుకుంటే జరిగేది ఇదే.

మూడు, టైమ్. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కుడి కనుబొమ్మకు ముందు పెడతాం, ఎడమ దానికి వచ్చేసరికి నిమిషం, నిమిషంన్నర అవుతుంది. తుడిచేటప్పుడు మాత్రం రెండూ ఒకేసారి తుడుస్తాం. మొత్తం ఉంచేదే కొన్ని నిమిషాలైనప్పుడు అందులో నిమిషంన్నర తేడా అంటే చిన్నదేం కాదు. కుడివైపు నల్లబడిందంటే చాలాసార్లు కారణం ఇదే.

నాలుగు, వెంట్రుక తీరు. ముక్కు దగ్గర సన్నగా ఉంటాయి, తొందరగా రంగు పట్టేస్తాయి. తెల్ల వెంట్రుకలు మొండివి, టైమ్ తీసుకుంటాయి. తోకవైపు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ రంగు వెంట్రుక కన్నా చర్మం మీదే ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడే సరిచెయ్యాలంటే

మొదటి సూత్రం: నల్లగా ఉన్నదాన్ని తగ్గించండి, లేతగా ఉన్నదాన్ని పెంచకండి. లేతదానికి మళ్లీ రంగు పెడితే అది ఇంకా నల్లబడి, అప్పుడు రెండోది లేతగా కనిపిస్తుంది. మళ్లీ దానికి పెడతారు. ఇట్ల పెట్టుకుంటూ పోతే సాయంత్రానికి రెండు గొంగళిపురుగులు మిగులుతాయి.

రంగు ఇప్పుడే పెట్టి ఉంటే దూదిని గోరువెచ్చని నీళ్లలో తడిపి, ఒక చుక్క షాంపూ వేసి, కళ్లు మూసుకొని, ముక్కు నుంచి చెవి వైపు మెల్లగా తుడవండి. ప్రతిసారీ కొత్త దూది తీసుకోండి. గంటలు గడిచిపోతే కొబ్బరి నూనె రెండు నిమిషాలు రాసి ఉంచి, ఫేస్‌వాష్‌తో కడగండి. ఉదయం, సాయంత్రం ఇట్ల చేస్తే రెండు రోజుల్లోనే చర్మం మీద రంగు తగ్గి, సగం సమస్య తీరుతుంది. చర్మం ఎర్రబడినా, మంట పుట్టినా రుద్దడం ఆపెయ్యాలి.

రేపే ఫంక్షన్ ఉందనుకోండి, లేతగా ఉన్నవైపు ముదురు గోధుమ రంగు పెన్సిల్‌తో వెంట్రుకల మధ్య చిన్న చిన్న గీతలు గీసి, బ్రష్‌తో కలపండి. నల్ల కాటుక వద్దు, చెమటకు కారుతుంది. నల్లగా ఉన్నవైపు చుట్టూ అంటిన మరకను కొంచెం కన్సీలర్‌తో కప్పండి. ఫొటోలకు ఇది చాలు.

చెయ్యకూడనివి కూడా వినండి. నిమ్మకాయ, వంటసోడా, టూత్‌పేస్ట్ వద్దు. ముఖానికి వాడే బ్లీచ్ అసలు వద్దు. అది కంట్లోకి కారితే నష్టం కనుబొమ్మతో ఆగదు. వెంట్రుక కూడా నల్లగా ఉండదు, ఇటుక రంగుకు తిరుగుతుంది.

లేతగా ఉన్నదానికి మళ్లీ టింట్ వేయించుకోవాలని ఉంటే కనీసం వారం ఆగండి. ఈలోపు దురద, వాపు ఏమీ లేకపోతేనే వేయించుకోండి, అదీ పార్లర్‌లో. అప్పుడు కూడా నిమిషానికోసారి తుడిచి చూసుకుంటూ వెయ్యమని అడగండి.

అసలు ఏం పెట్టినవ్?

ఇప్పుడు ఆ భయం సంగతి. "తలకు కలిపిన డై కొంచెం మిగిలిందక్కా, అదే పెట్టిన." "చేతులకు పెట్టుకునే నల్ల మెహందీ." ఇవీ నేను వినే జవాబులు.

కిరాణా కొట్లో దొరికే హెయిర్ డై ప్యాకెట్ ఎప్పుడైనా వెనక్కి తిప్పి చదివారా? చాలా నల్ల రంగుల్లో పారాఫినైలిన్ డయమిన్ అనే రసాయనం ఉంటుంది. పొట్టిగా పీపీడీ అంటారు. అది ఉన్న డై మీద మన దేశంలో ఒక హెచ్చరిక తప్పకుండా ముద్రించాలి. కనురెప్పలకు, కనుబొమ్మలకు వాడకూడదు, వాడితే చూపు పోవచ్చు అని. అక్షరాలు చిన్నగా ఉంటాయి, మనం చదవం. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఒక్కసారి చూడండి.

ఇది భయపెట్టడానికి రాసిన మాట కాదు. 1930లలో అమెరికాలో 'లాష్ లూర్' అని రెప్పలకు, కనుబొమ్మలకు వేసే రంగు ఒకటి అమ్మేవారు. అందులో ఉన్నది పీపీడీయే. 1933లో అది వేయించుకున్న ఒకామె చూపు పోయింది. ఇంకొకామె ప్రాణమే పోయింది. సౌందర్య సాధనాల మీద అక్కడి ప్రభుత్వానికి అధికారం ఇస్తూ 1938లో చట్టం రావడానికి ఇలాంటి ఘటనలూ ఒక కారణం.

నల్ల మెహందీ సంగతీ అంతే. అసలైన గోరింటాకు ఎర్రగా, నారింజగా పండుతుంది. గంటలో నల్లగా పండిందంటే అందులో ఇంకేదో కలిసిందని అర్థం, చాలాసార్లు అది పీపీడీయే. దానితో ఇంకో చిక్కుంది. మొదటిసారి పెట్టుకున్నప్పుడు ఏమీ కాకపోవచ్చు. ఒంటికి ఒకసారి ఎలర్జీ అలవాటైతే మాత్రం సాధారణంగా జీవితాంతం పోదు. బతుకమ్మకి చేతులకు నల్ల మెహందీ పెట్టుకున్నప్పుడు దురద వచ్చిన పిల్లకు, పెళ్లికి కనుబొమ్మలకు రంగు వేస్తే కళ్లు మూసుకుపోయేంత వాపు రావచ్చు. అందుకే పార్లర్‌లో మీ వివరాలు చెప్పేటప్పుడు మెహందీ సంగతి కూడా చెప్పండి.

కనుబొమ్మల కోసమే తయారైన టింట్‌లో డెవలపర్ సాధారణంగా 3 శాతమే ఉంటుంది, తల రంగుల్లో అంతకన్నా ఎక్కువ. అయితే టింట్‌లలో కూడా చాలావాటిలో పీపీడీ కానీ దాని చుట్టం రసాయనం కానీ ఉంటుంది. కాబట్టి ఎంత మంచి పార్లరైనా ప్యాచ్ టెస్ట్ తప్పదు. చెవి వెనకో, మోచేతి లోపలివైపో చిన్న చుక్క పెట్టి 48 గంటలు చూడాలి. ఎలర్జీ వెంటనే కనిపించదు, ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. "పది నిమిషాలైంది, ఏం కాలే, వేసెయ్ అక్కా" అంటే నేను వెయ్యను.

రంగు కంట్లో పడితే శుభ్రమైన నీళ్లతో పదిహేను నిమిషాలు ఆపకుండా కడిగి, వెంటనే కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. రెప్పలు వాచినా, నీరు కారినా, చూపు మసకబారినా అంతే. హాలియాలో లేకపోతే మిర్యాలగూడకో నల్గొండకో బస్సెక్కండి. వీడియోల్లో చిట్కాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి, డాక్టర్‌కి పని సులువవుతుంది.

ఈసారి తేడా రాకుండా

ఫంక్షన్‌కి పది రోజుల ముందు ప్యాచ్ టెస్ట్. వారం ముందు థ్రెడ్డింగ్. అది అయ్యాక రెండు రోజులకు, చర్మం మామూలుగా ఉంటే టింట్. అప్పుడు ఫంక్షన్‌కి ఇంకా నాలుగైదు రోజులుంటాయి. చర్మం మీద మరక పోయి వెంట్రుక రంగు మాత్రమే మిగులుతుంది. కొంచెం తేడా వచ్చినా సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. నలుగు, పసుపు ఫంక్షన్ ఉంటే టింట్ దానికి ముందే కానివ్వండి. పసుపు అంటిన చర్మం మీద రంగు ఎంత పట్టిందో సరిగ్గా తెలియదు.

టింట్‌కి మూడు రోజుల ముందు నుంచి ఆముదం, కొబ్బరి నూనె బంద్. ఆ రోజు ఫేస్‌వాష్‌తో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మన వెంట్రుకలు నల్లనివే కదా అని నలుపు ఎంచుకోకండి, ముదురు గోధుమ మంచిది. చుట్టూ పెట్రోలియం జెల్లీ రాయించుకోండి, వెంట్రుకలకు తగలకుండా. రంగు ముందు మధ్యలో, తర్వాత తోకకు, ముక్కు దగ్గర చివరగా పెట్టాలి. రెండు కనుబొమ్మలకూ విడివిడిగా టైమ్ చూడాలి. మీ ఫోన్‌లోనే టైమర్ ఉందిగా, మొదటిది పెట్టగానే ఒకసారి, రెండోది పెట్టగానే ఒకసారి నొక్కండి. ముందు పెట్టినదాన్ని ముందే తుడవమనండి.

పార్లర్‌లో ఇదంతా అడగడానికి మొహమాటపడొద్దు. డబ్బా చూపించమనండి, ఎక్స్‌పైరీ తేదీ చదవండి, కనుబొమ్మలకోసం చేసిందేనా చూడండి. చూపించనంటే లేచి వచ్చెయ్యండి. రంగు లేని కనుబొమ్మలతో పెళ్లికి వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు. పెన్సిల్ గీతతో పని అయిపోతుంది.